ఆ డిస్క్‌కి కాఫీ తగల్లేదు

ఆరేళ్ళ కిందట అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళో, ఒక డైనింగ్ టేబుల్ దగ్గర నేను ఒకే ఒక్క మాట అన్నాను: "అయ్యుండొచ్చండీ." దానికి బదులు చెప్పాల్సిన నిజం ఒకటి ఉంది. అది నాకు తెలుసు. చెప్పలేదు. ఆ మాట పుణ్యమా అని ఒక పెద్దాయన తను చేయని తప్పు ఆరేళ్ళు మోశారు. ఆయన భార్య పదకొండేళ్ళుగా చేస్తున్న పని ఆపేశారు.

ముప్పై ఏళ్ళు కంప్యూటర్ సిస్టమ్స్ చూసుకునే ఉద్యోగం చేసి ఈ మధ్యే, యాభై ఆరో ఏట, మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకి పనికొచ్చేలా నాలుగు పేజీలు రాయమని మిత్రులు అడిగారు. ఏ సర్టిఫికేట్ చేయాలి, ఏ కంపెనీ మంచిది లాంటివి నన్ను అడక్కండి. అవి నాకంటే మీకే బాగా తెలుసు. నాకు తెలిసింది మూడు నాలుగు సంగతులు. అందులో పెద్దది నా తప్పే కాబట్టి మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

పని అంటే నిజంగా ఏమిటి

మా పని అంటే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు టకటకా కొట్టడం అనుకుంటారు బయటివాళ్ళు. అది రోజులో ఓ గంట. మిగతాదంతా మనుషులు చెప్పేది వినడం. "నా కంప్యూటర్ పనిచేయడం లేదు" అన్న మనిషి కంప్యూటర్ చాలాసార్లు శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది. ఆగిపోయింది ఆ మనిషి రోజూ చేసుకునే ఒక చిన్న పని. అదేమిటో వాళ్ళు చెప్పరు. చెప్పాల్సినంత పెద్ద విషయమని వాళ్ళకి తోచదు.

ఒకసారి మా కంపెనీ ల్యాబ్‌లో ఒకావిడకి, విండోస్ తీసేసి దాని బదులు లైనక్స్ అనే ఉచిత సిస్టమ్ కొత్తగా పెట్టిన మెషీన్ ఇచ్చాను. పాడైపోయిందని వారం రోజుల్లో నాలుగుసార్లు ఫోన్ చేసింది. అన్నీ చూశాను, ఏ లోపమూ లేదు. అయిదోసారి వెళ్ళి ఆవిడ వెనక ఊరికే నిలబడ్డాను. పని చేస్తూ ప్రతి రెండు నిమిషాలకీ తెర కింద కుడి మూలకి చూస్తోంది, విసుక్కుంటోంది. ఆ మూల గడియారం ఉండాలి, కొత్తదాంట్లో అది పైకి పోయింది. కిందికి తెచ్చి పెట్టాను. మళ్ళీ ఫోన్ రాలేదు. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన గొప్ప రిపేరు అదేనేమో.

లాప్‌టాప్‌లకి లైనక్స్ ఎక్కించడం నాకు ఉద్యోగమూ అదే, వ్యసనమూ అదే. ఆఫీస్‌లో ఎన్నింటికి పెట్టానో లెక్కలేదు. బయట మనవాళ్ళ ఇళ్ళలో కూడా, "పాత లాప్‌టాప్ నత్తలా నడుస్తోంది, పారేద్దామా?" అంటే చాలు, జేబులో యూఎస్‌బీతో తయారయ్యేవాణ్ణి. లలిత, అంటే నా భార్య, "మీరు పెళ్ళికి వెళ్ళినా పురోహితుడి ఫోన్‌కి లైనక్స్ ఎక్కిస్తారు" అనేది. తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లలో నా పేరు లైనక్స్ ప్రసాద్. ఆ పేరు నాకు ఇష్టంగా ఉండేది. గొడవకి సగం కారణం అదే.

మూర్తి దగ్గర నేర్చుకున్నది

అమెరికాలో నా మొదటి మేనేజర్ మనవాడే, మూర్తి. మంచివాడు. మొదటి చలికాలం నాకు కోటు ఇచ్చింది, కారు నేర్పింది అతనే. ఇంకోటి కూడా నేర్పాడు. ఒక సర్వర్ నా పొరపాటు వల్ల పడిపోయినప్పుడు రిపోర్ట్‌లో "నేను తప్పు కమాండ్ ఇచ్చాను" అని రాశాను. మూర్తి చూసి తలపట్టుకున్నాడు.

"ఒరేయ్, నువ్వు హెచ్‌ వన్‌ వీసా మీద ఉన్నావా, తీర్థయాత్రలో ఉన్నావా? 'ఇష్యూ అబ్జర్వ్ అయింది, ఇప్పుడు స్టేబుల్‌గా ఉంది' అని రాయి. ఎవరు చేశారో రాయమని ఎవడడిగాడు?"

రాశాను. అలా పదేళ్ళు రాశాను. వీసా రోజుల్లో తప్పు ఒప్పుకోవడమంటే మన రిటర్న్ టికెట్ మనమే బుక్ చేసుకున్నట్టు అనిపించేది. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను, ఇల్లూ పిల్లల చదువూ అన్నీ ఆ ఒక్క కాగితం మీద నిలబడి ఉన్నప్పుడు అది నిజమైన భయమే. కానీ మొదట్లో చెప్పిన ఆ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చునేనాటికి నేను సిటిజన్‌ని. సొరుగులో అమెరికా పాస్‌పోర్టు ఉంది. భయం పోయింది, అలవాటు పోలేదు. కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇదే. భయంతో నేర్చుకున్న పద్ధతి భయం పోగానే దానంతట అది పోదు. పనిగట్టుకుని వదిలించుకోవాలి.

డోనా పెట్టిన సోమవారం పరీక్ష

తర్వాతి మేనేజర్ డోనా. నార్త్ కరోలైనాలోనే పుట్టి పెరిగిన మనిషి, అరవైకి దగ్గర. మాట సాగదీసి, తీరిగ్గా మాట్లాడేది. ఆవిడ దగ్గర చేరిన కొత్తలో షిప్పింగ్ డెస్క్‌లో ఉన్న పాత కంప్యూటర్‌ని ఒక శుక్రవారం తుడిచి, అంటే లోపలున్నదంతా చెరిపి, లైనక్స్ పెట్టి, చేతులు దులుపుకుని ఇంటికెళ్ళాను. సోమవారం పొద్దున లేబుల్ ప్రింటర్ ఖాళీ స్టిక్కర్లు కక్కుతోంది. బయట ట్రక్కులు బారులు తీరాయి. వైస్ ప్రెసిడెంట్ ఒకాయన ఎర్రబడిన మొహంతో వచ్చి, ఎవరు చేశారిది అని అడిగాడు.

నేను ప్రింటర్ వైపు చూస్తున్నాను. మూర్తి నేర్పిన వాక్యం నోట్లో సిద్ధంగా ఉంది.

డోనా అంది, "నేను. నేను సరేనన్నాకే జరిగింది. పదింటికల్లా సరిచేస్తాం."

చేశాం. ఆ తర్వాత తన గదిలోకి పిలిచింది. తిట్టలేదు. "చూడు ప్రసాద్, ఏ మెషీన్ అయినా తుడిచేముందు, దాని ముందు రోజూ ఎవరు కూర్చుంటారో వాళ్ళని కూర్చోబెట్టు. నువ్వు లేచి నిలబడు. నోరు మూసుకో. సోమవారం పొద్దున వాళ్ళు మొట్టమొదట ఏ పని చేస్తారో ఆ పని కొత్తదాంట్లో వాళ్ళ చేత చేయించు. అది అయితేనే పాతది తుడువు."

నేను తలూపి, "మరి తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారు?" అని అడిగాను.

"నువ్వు చెప్తావేమోనని పది సెకన్లు ఆగాను. నీకు టైమ్ పడుతుందని అర్థమైంది" అంది.

ఆ సోమవారం పరీక్షని ఆఫీస్‌లో ఇరవై ఏళ్ళు తప్పకుండా పాటించాను. నా కింద పనిచేసినవాళ్ళందరికీ నూరిపోశాను. పాటించనిది ఒక్కసారి, అదీ ఆఫీస్‌లో కాదు, పెసరట్లు వేస్తున్న ఇంట్లో.

పెసరట్లు చల్లారకముందే

సుభద్రగారు పిల్లల డాక్టర్‌గా ఈ ఊళ్ళో ముప్పై అయిదేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. అందరికీ డాక్టరమ్మగారు. వాళ్ళాయన నరసింహారావుగారు కెమికల్ ఇంజనీరు, ఆయనా రిటైరే. రిటైరైన దగ్గర్నుంచీ ఆవిడ ఒక పని పెట్టుకున్నారు. మన వాళ్ళ అమ్మానాన్నలు ఇక్కడికి చూడ్డానికి వచ్చినప్పుడు ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రిలో నొప్పి ఎలా ఉందో చెప్పలేరు. చెప్పినా కొడుకో కూతురో అన్నింటినీ కలిపి "పెయిన్" అనేస్తారు. సలుపు, పోటు, తీపు, గుంజుడు, మంట, చిమచిమ, జివ్వుమనడం, కళ్ళు బైర్లు కమ్మడం. ఇవన్నీ డాక్టర్‌కి వేర్వేరు జబ్బుల ఆనవాళ్ళు. ఏ జిల్లావాళ్ళు ఏ మాట ఏ నొప్పికి వాడతారో, దాన్ని ఇంగ్లీషులో డాక్టర్‌కి ఎలా చెప్పాలో పదకొండేళ్ళుగా అడిగి అడిగి రాసుకుంటున్నారు. గుడిలో, పార్కులో, పెళ్ళిళ్ళలో ఏ పెద్దావిడ కనిపించినా, "అమ్మా, మీకు మోకాలు ఎలా నొప్పెడుతుంది? ఏమంటారు మీ ఊళ్ళో?" అని కూర్చునేవారు. "మీ డాక్టరమ్మ పలకరిస్తే లేని నొప్పి కూడా గుర్తొస్తుంది" అని నవ్వుకునేవాళ్ళం.

ఇదంతా ఆవిడ పాత లాప్‌టాప్‌లో ఉంది. దాని మీద ఒకరోజు రావుగారు కాఫీ ఒలకబోశారు. నన్ను పిలిచారు. విప్పి చూశాను. రెండు కీలు అతుక్కున్నాయి, అంతే. డిస్క్ దాకా ఒక్క చుక్క కూడా పోలేదు. కీలు శుభ్రం చేసి, ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు.

"డాక్టర్‌గారూ, దీంట్లో విండోస్ బాగా పాతది, అప్‌డేట్‌లు కూడా రావు. లైనక్స్ పెట్టేస్తాను, కొత్తదానిలా పరిగెడుతుంది" అన్నాను.

"నా పుస్తకం ఎక్కడికీ పోదుగా?"

"ఒక్క ఫైల్ కూడా పోదండీ. పూచీ నాది."

తర్వాతి శనివారం వెళ్ళాను. ఆవిడ ఫైళ్ళన్నీ నా దగ్గరున్న బయటి డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ఎన్ని ఉన్నాయో, ఎన్ని వచ్చాయో లెక్క సరిచూశాను. సరిపోయింది. యూఎస్‌బీ పెట్టి మొదలుపెట్టాను.

ఈ పని చేసినవాళ్ళకి తెలుసు, మొదటి తెర మీదే రెండు దారులు ఉంటాయి. ఒకటి, దేన్నీ ముట్టుకోకుండా యూఎస్‌బీ నుంచే లైనక్స్‌ని నడిపి చూసుకోవడం. రెండోది, నేరుగా ఎక్కించేయడం. మొదటి దారి ఉన్నదే సోమవారం పరీక్ష కోసం. అది నొక్కి, డాక్టరమ్మగారిని వంటింట్లోంచి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, "మీ పుస్తకం తెరవండి" అని ఉంటే అయిదు నిమిషాల్లో అంతా తెలిసిపోయేది. పాతది ఇంకా చెక్కుచెదరకుండా ఉండేది.

"ప్రసాద్, రావయ్యా, చల్లారితే పెసరట్టు అట్టముక్క అవుతుంది" అని పిలుపొచ్చింది.

రెండోది నొక్కాను. డిస్క్ అంతా చెరిపేయాలా అని అడిగింది. అవునన్నాను. అల్లం పచ్చడి బ్రహ్మాండంగా ఉంది. మూడు తిన్నాను. నేను తింటున్నంతసేపూ పక్కగదిలో తెర మీద, పని ఎంతవరకు అయిందో చూపించే గీత ముందుకి జరుగుతూనే ఉంది. తిరిగొచ్చి ఫైళ్ళు మళ్ళీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోటోలు తెరిచి చూపించి, ఈమెయిల్ చూపించి, అందరి చేతా శభాష్ అనిపించుకుని వచ్చేశాను. ఆవిడ రాసుకున్న ఫైల్ ఒక్కటి కూడా తెరిచి చూడలేదు.

అయ్యుండొచ్చు

సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. డోనా చెప్పినట్టు, సరిగ్గా సోమవారం పొద్దునే.

"ప్రసాద్, నా పుస్తకం తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు వస్తోందయ్యా."

వెళ్ళాను. తెర చూశాను. ఒక్క చూపులో అర్థమైంది. ఆవిడ తెలుగు రాసింది ఇప్పుడు మన ఫోన్లలో ఉండే తెలుగుతో కాదు, ఎప్పుడో గుంటూరులో ఒక డీటీపీ షాపువాళ్ళు సీడీలో ఇచ్చిన పాత ఫాంటుతో. ఆ రోజుల్లో కంప్యూటర్‌కి తెలుగు తెలియదు. కె అనే ఇంగ్లీషు అక్షరం ఉండే చోట క బొమ్మ గీసిపెట్టేవాళ్ళు. ఫైల్లో ఉండేది ఇంగ్లీషు అక్షరమే. ఫాంటు ఉన్నంతకాలం కంటికి తెలుగు. ఫాంటు లేకపోతే పిచ్చి ఇంగ్లీషు. ఫాంటు ఉండేది విండోస్‌లో, ఆవిడ ఫైళ్ళలో కాదు. దాన్ని నేను పెసరట్టు తింటూ చెరిపేశాను. సీడీ ఏదండీ అంటే ఇల్లు మారినప్పుడు పారేశామన్నారు. ఆ షాపు మూతపడి చాలా ఏళ్ళయింది.

ఒక్కటి గమనించండి. ఆ క్షణంలో కూడా నష్టం పూర్తికాలేదు. ఫైళ్ళన్నీ క్షేమం. లాప్‌టాప్ అక్కడికక్కడే ఆపేసి డిస్క్ బయటికి తీసి వెతికితే చెరిగిన ఫాంటు దొరికే అవకాశం కూడా ఉంది. దానికి కావాల్సింది ఒకే ఒక్క వాక్యం: "నేను చూడకుండా చెరిపానండీ."

ఆ వాక్యం కోసం నేను వెతుక్కుంటుంటే డాక్టరమ్మగారే అన్నారు, "మొన్నటి కాఫీ వల్లేనంటావా? లోపల పాడైపోయిందా?"

రావుగారు సోఫాలోంచి తల పైకెత్తారు.

"అయ్యుండొచ్చండీ" అన్నాను.

మా వృత్తిలో ఎక్కువగా ఆడే అబద్ధం అదే. అవును అనం, కాదు అనం. మనకి కచ్చితంగా తెలిసిన విషయాన్ని తెలియనట్టు చేస్తాం. అంతటితో ఆగానా? "చూస్తుంటే మీకు బాధ కదండీ" అని ఆ ఫైళ్ళని లాప్‌టాప్‌లోంచి తీసేశాను. బాధ కోసం కాదు. ఇంకెవరైనా వచ్చి చూస్తే ఇది ఫాంటు సమస్య అని చెప్పేస్తారని. నా డ్రైవ్‌లో ఉన్న కాపీని మాత్రం చెరపలేకపోయాను. అంత ధైర్యం లేకపోవడం ఒక్కటే ఈ కథలో నాకు కలిసొచ్చింది.

సింకు దగ్గర కాఫీ

మొదట్లో అది వేళాకోళంగానే ఉండేది. రావుగారు కప్పుతో టేబుల్ దగ్గరికి రాగానే ఆవిడ, "ఏవండోయ్, ఒకసారి లాప్‌టాప్‌కి తాగించారు చాలు, ఇంకెవరికి తాగిస్తారు?" అనేవారు. అందరం నవ్వేవాళ్ళం. ఏడాది గడిచేసరికి నవ్వేవాళ్ళు తగ్గారు, ఆవిడ గొంతులో మాత్రం మాట అలాగే ఉంది. రావుగారు కాఫీ వంటింటి సింకు దగ్గర నిలబడే తాగి, కప్పు కడిగి, బోర్లించి వచ్చేవారు. వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా ఆయన వీపు చూసేవాణ్ణి, సింకు పైనున్న కిటికీ వైపు తిరిగి, రెండు గుక్కల్లో కానిచ్చేస్తూ.

ఆవిడ మళ్ళీ మొదలుపెట్టలేదు. "డెబ్భై అయిదు దాటాక మళ్ళీ పదకొండేళ్ళు ఎవరిస్తారయ్యా?" అన్నారు. పార్కులో పెద్దవాళ్ళని పలకరించడమూ మానేశారు.

మూడేళ్ళయ్యాక ఒకసారి గుడి పార్కింగ్‌లో రావుగారు నన్ను పక్కకి పిలిచారు. "ప్రసాద్, ఒక్క మాట. కాఫీ ఒలికిన రోజు నేను టవల్ కోసం లోపలికెళ్ళాను. చొక్కాతోనే వెంటనే తుడిచేసి ఉంటే దక్కేదంటావా?"

మూడేళ్ళుగా ఆయన టవల్ గురించే ఆలోచిస్తున్నారన్నమాట. నేను కారు తాళాల వైపు చూస్తూ, "ఏమోనండీ, చెప్పలేం" అన్నాను. ఆయన భుజం తట్టి వెళ్ళిపోయారు. నా భుజం.

పోటు, తీపు

నేను ఉద్యోగం మానేసిన నెలలో మా అత్తగారు మా దగ్గరికి వచ్చి ఉన్నారు. శ్రీకాకుళం మనిషి. ఒక మధ్యాహ్నం కడుపునొప్పి అంటే, అపాయింట్‌మెంట్ లేకుండా చూసే అర్జెంట్ కేర్ క్లినిక్‌కి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టర్ నొప్పి ఎలాంటిదని అడిగాడు. అత్తగారు, "నిన్నంతా తీపులేనమ్మా, ఇయాల పోటొచ్చేత్తంది" అన్నారు. నేను "పెయిన్" అన్నాను. నిన్న? "పెయిన్." ఇవాళ? "మోర్ పెయిన్."

లలిత నా వైపు ఒక చూపు చూసి డాక్టరమ్మగారికి ఫోన్ చేసింది. ఆవిడ స్పీకర్‌లో అత్తగారితో రెండు నిమిషాలు మాట్లాడారు. తర్వాత ఆ డాక్టర్‌తో ఇంగ్లీషులో, నిన్న మొద్దుగా పరుచుకున్న నొప్పి ఇవాళ ఒకేచోట పొడుస్తోందని, ఆ తేడా ముఖ్యమని చెప్పారు. అతను వెంటనే స్కాన్‌కి పంపాడు. పిత్తాశయంలో రాయి. సకాలంలో తెలిసింది, ఆవిడ ఇప్పుడు హాయిగా ఉన్నారు, నా వంటకి వంకలు పెడుతున్నారు.

థాంక్స్ చెబుదామని ఫోన్ అందుకున్నాను. డాక్టరమ్మగారు అన్నారు, "ఏదో గుర్తున్నంతవరకు చెప్పానయ్యా. శ్రీకాకుళం వైపు మాటలు ఓ ముప్పై పేజీలు రాశాను. అన్నీ పోయాయిగా."

పోలేదు. మా గరాజ్ సొరుగులో ఉన్నాయి.

గరాజ్ సొరుగు

డ్రైవ్ తీశాను. పనిచేసింది. మూడు వారాలు దానితోనే కూర్చున్నాను. ఏ ఇంగ్లీషు అక్షరం ఏ తెలుగు అక్షరమో లెక్కలతో, ఊహలతో చాలావరకు పట్టుకోగలిగాను. కానీ పాత ఫాంట్లలో ఒత్తులు, గుణింతాలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. అవి ఊహించి రాస్తే నొప్పుల నిఘంటువు కాదు, కొత్త జబ్బుల నిఘంటువు తయారవుతుంది. కావాల్సింది ఒక్కటే. ఆ ఫైళ్ళలోని కొన్ని పేజీలు తెలుగులో, కాగితం మీద. రెండూ పక్కపక్కన పెడితే తాళం తెరుచుకుంటుంది.

ఆ కాగితాలు ఉన్నాయి. తప్పులు దిద్దుకోవడానికని ఆవిడ నలభై పేజీలు ప్రింట్ తీసుకున్నారని నాకు మొదటినుంచీ తెలుసు. ఆరేళ్ళ కిందటే అడిగి ఉండొచ్చు. కానీ అడిగితే, "ఫైళ్ళు పాడయ్యాయన్నావుగా, కాగితాలెందుకు?" అంటారు. మందు ఉన్న గది తలుపు నేనే మూసి దాని ముందు నేనే నిలబడ్డాను.

ఆ తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, చదివేవాళ్ళకి ఆ బెంగ అక్కర్లేదు. తాళం తెరుచుకుంది. అయిదు వారాల్లో పుస్తకం మొత్తం ఇప్పటి తెలుగులోకి వచ్చింది, ఇక ఏ మెషీన్ మారినా అక్షరం అక్షరంగానే ఉంటుంది. డాక్టరమ్మగారు రోజుకి పది పేజీలు దిద్దుతూ, "చిమచిమకి దీర్ఘం ఎవరు పెట్టమన్నారయ్యా?" అని ఫోన్‌లో తిడుతున్నారు. ఆ తిట్లు వింటుంటే నాకు ఎంత హాయిగా ఉందో రాయలేను. ఆరేళ్ళ తర్వాత ఆవిడ ఇంటి నంబర్ ఫోన్ మీద కనిపిస్తే గుండె జారకపోవడం ఇదే మొదలు.

అది తర్వాతి సంగతి. దానికి ముందు ఆ గడప తొక్కాలి కదా.

మంగళవారం

పదింటికి వెళ్ళాను. డాక్టరమ్మగారు తలుపు తీశారు. రావుగారు సింకు దగ్గర ఉన్నారు, కిటికీ వైపు తిరిగి.

"డాక్టర్‌గారూ, మీ పుస్తకం ప్రింట్ పేజీలు ఉన్నాయన్నారు కదా, ఒకసారి ఇస్తారా?"

"ఆ కాగితాలతో నీకేం పనయ్యా ఇప్పుడు?"

"కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చిందండీ, ట్రై చేద్దామని..."

చూశారా, గుమ్మంలోకి వచ్చి కూడా. మూర్తి నేర్పిన వాక్యం ఇంకా నోట్లోనే ఉంది.

రావుగారు ఇటు తిరక్కుండానే అన్నారు, "వద్దులే ప్రసాద్. ఆవిడకి మళ్ళీ ఆశ పెట్టకు. పాడుచేసినవాణ్ణి నేనున్నాను, నన్ను అనుకుంటే అయిపోతుంది. నీకెందుకీ శ్రమ?"

ఇక నోరు ఊరుకోలేదు. కూర్చోకుండానే చెప్పాను. ఫాంటు సంగతి, చెరిపిన సంగతి, చూసిన క్షణంలోనే అర్థమైన సంగతి, ఫైళ్ళు తీసేసిన సంగతి, డ్రైవ్ సంగతి. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఎక్కువ పట్టి ఉండదు. నిజం చాలా చిన్నది, దాని చుట్టూ కట్టిందే పెద్దది.

డాక్టరమ్మగారు మొదట అడిగింది, "అయితే ఫైళ్ళున్నాయా?"

"ఉన్నాయండీ. అన్నీ."

ఆవిడ కుర్చీ పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నారు. కాసేపు టేబుల్ గుడ్డ అంచు సవరించారు. తర్వాత తలెత్తితే కళ్ళు నిండి ఉన్నాయి, గొంతు మాత్రం కత్తిలా ఉంది.

"పుస్తకం పోతే పోయింది, మళ్ళీ రాయకపోవడం నా బద్ధకం అనుకుంటాను. కానీ ఆరేళ్ళు నా నోటితో ఆయన్ని అనిపించావు కదయ్యా. పదిమందిలో. నువ్వు పక్కనే కూర్చుని, నా పెసరట్లు తింటూ."

"తప్పయిపోయిందండీ. నన్ను..."

"నాకు కాదు." ఆవిడ వంటింటి వైపు చెయ్యి చూపించారు. "ముందు ఆయనకి చెప్పు."

సింకు దాకా పది అడుగులు ఉంటాయేమో. ఆయన ఇంకా కిటికీలోకే చూస్తున్నారు. కప్పులో కాఫీ సగం ఉంది.

"రావుగారూ, ఆ డిస్క్‌కి కాఫీ తగల్లేదు. ఒక్క చుక్క కూడా. రెండు కీలు అతుక్కున్నాయి, అంతే. మీరు టవల్ తెచ్చినా చొక్కాతో తుడిచినా ఒకటే. పాడుచేసింది నేను. తెలిసీ మీ మీద పడనిచ్చాను. పార్కింగ్‌లో మీరు అడిగినప్పుడు కూడా చెప్పలేదు. నన్ను క్షమించండి."

ఆయన ఇటు తిరిగారు. నా మొహంలోకి చూశారు. తిడతారేమో అనుకున్నాను, తిడితే బాగుండనే కోరుకున్నాను. ఆయన కప్పు తీసుకుని, నన్ను దాటుకుని, డైనింగ్ టేబుల్ దగ్గరికి వెళ్ళి, భార్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కప్పుని ఆవిడ లాప్‌టాప్ పక్కనే, ఆనించి, పెట్టారు.

డాక్టరమ్మగారు దాన్ని చూశారు. లాప్‌టాప్‌ని పక్కకి జరపలేదు.

"ప్రసాద్, ఇలా రా" అన్నారు రావుగారు. ఒక గుక్క తాగారు, తీరిగ్గా. "ఇందాక ఏదో అన్నావు. ఇంకోసారి చెప్పు. ఆవిడకి సరిగ్గా వినబడినట్టు లేదు."

టేబుల్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ చెప్పాను. ఈసారి గట్టిగా.